హాబీ: నాయకత్వం

"ఇంజనీరింగ్ చదివావు కదా, మేనేజ్‌మెంట్ ఎందుకు?" ఐఐఎం ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న తప్పదు. అసలు జవాబు అడిగేవాళ్ళకు తెలుసు, చెప్పేవాడికి తెలుసు, గేటు బయట టీ తాగుతున్న వాడి నాన్నకూ తెలుసు. జీతం. ఆ ఒక్క మాట పొరపాటున కూడా నోట రాకుండా చూసుకోవడానికి హైదరాబాద్‌లో ఫీజు కట్టి శిక్షణ తీసుకోవాలి.

అలా ఫీజు కట్టడానికి ఆలంపూర్ చౌరస్తాలో బస్సెక్కాడు మన కుర్రాడు. వీడు చేసిన నేరం ఇంజనీరింగ్ చదవడం. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఏడు వందల దరిదాపుల్లోకి పోయాయి. ప్రభుత్వం చదవమంది, ఊరు చదవమంది, మేనమామ చదవమన్నాడు. చదివాక తెలిసిందేమిటంటే, చాలా ఐఐఎంలు ఇంజనీరు కానివాళ్ళకు వైవిధ్యం కింద అదనపు మార్కులు వేస్తాయట. క్లాసులో ఇంజనీర్లు మరీ ఎక్కువైపోయారని వాళ్ళ బాధ. నిజమే, కాదనలేం. అయితే ఆ ఇంజనీర్లను లెక్కల పరీక్ష పెట్టి ఏరుకున్నదెవరో మాత్రం అడగకూడదు.

శిక్షణలో మొదటి పాఠం: మీ గురించి చెప్పండి.

"మాది ఆలంపూర్ సార్, నడిగడ్డ. అమ్మా నాన్నా సీడ్ పత్తి..."

"ఆపు ఆపు. హైదరాబాద్‌కు దగ్గర్లో అని చెప్పు."

ఆ దగ్గర రెండొందల కిలోమీటర్ల పైమాటే. రాసుకున్నాడు.

బలహీనత ఏమిటంటే పర్ఫెక్షనిజం. క్లాసు క్లాసంతటికీ అదే రోగం, అంటువ్యాధిలా. కాలేజీ ఫెస్టులో కుర్చీలు మోసినందుకు ఈవెంట్ లాజిస్టిక్స్. ఒక మొక్క నాటి నాలుగు ఫొటోలు దిగినందుకు సస్టెయినబిలిటీ. మూడు బ్యాక్‌లాగులు పెట్టి తర్వాత గట్టెక్కినందుకు ఓటమి నుంచి నేర్చుకునే గుణం. హాబీ, నాయకత్వం. రోల్ మోడల్ సత్య నాదెళ్ళ. ఆయనా ఇంజనీరే, 1997లో చికాగోలో ఎంబీఏ పట్టా తీసుకున్నాడు. ఆయన తన ఇంటర్వ్యూలో రోల్ మోడల్‌గా ఎవరి పేరు చెప్పాడో మాత్రం ఏ కోచింగ్ సెంటరూ చెప్పదు.

ఆలంపూర్‌లో బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలున్నాయి. బాల బ్రహ్మ, కుమార బ్రహ్మ, స్వర్గ బ్రహ్మ, విశ్వ బ్రహ్మ అంటూ పేర్లు తొమ్మిది బ్రహ్మలవి, గుళ్ళు మాత్రం శివుడివి. వెయిటింగ్ హాల్లో టై కట్టుకుని కూర్చున్న ఇంజనీర్లూ అంతే. ఏ తలుపు తీసినా ఒకే దేవుడు. చాళుక్యులు కనీసం శిల్పమైనా బాగా చెక్కించారు.

ఇంతకీ "ఆపు ఆపు" అన్న చోట ఆగిపోయిందేమిటి? సీడ్ పత్తి. ఆడ మొక్క మొగ్గను సాయంత్రమే విప్పి పుప్పొడి కాడలను గోటితో గిల్లెయ్యాలి. తెల్లారి మగపువ్వు తెచ్చి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక మొగ్గ తప్పిపోయి తన పుప్పొడితో తానే కాయ కట్టిందంటే అది కల్తీ. వేల మొగ్గల్లో తప్పినవి పెరిగితే అరిష్టమే కాబట్టి, పర్ఫెక్షనిజం ఎక్కడైనా ఉంటే వాళ్ళమ్మ గోళ్ళలో ఉంది. పైన కంపెనీ, కింద రైతు, మధ్యలో ఆర్గనైజర్. పెట్టుబడి ఆర్గనైజర్ ఇస్తాడు, వడ్డీ కూడా ఆయనదే, లెక్కల పుస్తకం కూడా ఆయన దగ్గరే. విత్తనం పోయాక కంపెనీ దాన్ని ఎక్కడో నాటించి స్వచ్ఛత పరీక్ష చేయిస్తుంది. పేరు గోట్. ఫలితం నెలల తర్వాత వస్తుంది, వడ్డీ మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటుంది. గోట్ ఫెయిలంటే ఆ ఏటి కష్టం గంగలో, కాదు, తుంగభద్రలో కలిసినట్టే. నాణ్యత నియంత్రణ, కాంట్రాక్టు, అప్పు, బేరం చేసే బలం ఎవరిది అన్న ప్రశ్న, ఎంబీఏ రెండేళ్ళ సిలబస్ ఒక్క చేనులో ఉంది.

సప్లయ్ చైన్ కావాలా? రాజోలిబండ మళ్ళింపు పథకం ఉంది. కాగితం మీద 15.9 టీఎంసీలు, 87,500 ఎకరాలు. ఎగువన ఎవరు తూములెత్తుకుంటే దిగువన ఆలంపూర్ చివరి మడికి ఎన్ని చుక్కలు చేరతాయో వీడికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా కోచింగ్ మెటీరియల్‌లో సప్లయ్ చైన్ అంటే పిజ్జా డెలివరీ. పిజ్జా ఆలంపూర్ దాకా రాదు, అది వేరే సంగతి.

అహ్మదాబాద్ ఐఐఎం 1961లో పుట్టి, హార్వర్డ్ సాయంతో, నిజమైన వ్యాపార సమస్య ముందు పెట్టి పాఠం చెప్పే కేసు పద్ధతిని తెచ్చుకుంది. ఊళ్ళోంచి వచ్చిన కుర్రాడు అలాంటి కేసును నెత్తిన పెట్టుకుని ఇంటర్వ్యూ గదిలోకి వస్తే బోర్డు గుర్తుపట్టదని కాదు. పాపం, బోర్డే అడిగింది. ఒకాయన ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ అడిగి, జవాబు వినకుండా నీళ్ళు తాగాడు. రెండో ఆవిడ ఫైలు తిరగేసి, "ఆలంపూర్... మీ ఊళ్ళో జనం దేనిమీద బతుకుతారు?" అంది.

మన కుర్రాడు వెన్ను నిటారుగా పెట్టి, నేర్పిన చిరునవ్వు తెచ్చుకుని, "టూరిజానికి అపారమైన అవకాశాలున్నాయి మేడమ్" అన్నాడు.

సీటొచ్చింది. ఎలా అని అడక్కండి, మిగతావాళ్ళూ అవే జవాబులు చెప్పారు, ఎవరో ఒకరికి రావాలి కదా. పాతిక లక్షల ఫీజుకు బ్యాంకు అప్పు, పూచీకత్తుగా చేను. ఐఐఎం దరఖాస్తులో లక్ష్యం ఏమిటన్న గడిలో 'అగ్రి బిజినెస్, విత్తన కంపెనీలో మేనేజర్' అని కోచింగ్ సారే రాయించాడు. స్పష్టత ఉన్న అభ్యర్థి అని బోర్డు మెచ్చుకుందట.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాడు. ఆమె గోళ్ళ సందున పత్తి జిగురు గీక్కుంటూ అంతా విన్నది.

"అంటే ఇగ మా గోట్ ఫెయిలైందని జెప్పెటోనివి నువ్వేనన్నట్టు. ఆర్గనైజరు పదో తరగతి తప్పినోడే గద నాయినా, ఆ ముక్క ఉత్తగనే జెప్తుండె."