లేబులు స్మృతి

మనుస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతి, పరాశరస్మృతి మొదలైన ధర్మశాస్త్రములు ప్రాచీనములై, వానిని చదువువారు తగ్గి, ఆచరించువారు మరింత తగ్గిన యీ కాలమున, అమెరికా దేశపు వ్యవసాయ క్షేత్రములందు ఒక నూతన స్మృతి అవతరించి దినదిన ప్రవర్ధమానమగుచున్నది. దానికి లేబులని పేరు. అది తాళపత్రముల మీద గాక గడ్డిమందు డబ్బాలకు అతికింపబడి యుండును. దాని యక్షరములు భూతద్దము లేనిదే కంటికానవు. అయినను దాని మహావాక్యము మాత్రము ఎల్లరకును కంఠస్థము: ‘లేబులులో చెప్పినట్లు వాడినచో ఏ యపాయమును లేదు.’ మందు తయారుచేయువారు ఈ మంత్రమును జపింతురు, అమ్మువారు జపింతురు, చల్లించువారు జపింతురు, ప్రభుత్వ కార్యాలయమువారు ముద్ర వేసి మరీ జపింతురు. ఆ మందు తడిసిన మట్టిలో మోకాళ్లూని పనిచేయువారికి మాత్రమే ఈ మంత్రము నోట పలుకదు. ఈ స్మృతిలోని చమత్కారమేమనగా, కూలివానికి జబ్బు చేయకున్నచో అది లేబులు మహిమ. చేసినచో అది కూలివాడు లేబులును అతిక్రమించిన దోషము. ఓటమి యెన్నటికిని సంభవింపని యిట్టి శాస్త్రమును మన మీమాంసకులలో ఉద్దండులైనవారు సైతము కల్పింపలేకపోయిరి.

ఈ మహిమను కన్నులార చూడదలచినవారు కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయకు పోవలెను. లెట్యూసు, బ్రోకలీ, కాలీఫ్లవరు కోసుల పర్యంతము పరచుకొనియుండు ఆ లోయలో నడుము వంచువారు ప్రాయికముగ మెక్సికో నుండి వచ్చిన బీదలు, లేదా వారి సంతానము. సాన్ హోసే ప్రాంతమున కాపురముండి, కూరగాయ మంచిదా కాదా యని అంగడిలో త్రిప్పి త్రిప్పి చూచి బుట్టలో వేసికొను మన తెలుగు గృహిణులకును ఆ చేతుల ఋణము కొంత యుండకపోదు. నారు నాటు స్త్రీ మొక్కను వ్రేళ్ల సందున నిలిపి, చుట్టును మన్ను ఒత్తి, మోకాళ్ల మీదనే ముందునకు జరుగును. బట్టకంటిన మన్ను ఎండలో ఆరి రాలును, మరల అంటును. సాయంకాలమున ఆ మన్ను ఆమెతో కూడ ఇంటికి వచ్చును.

ఇట్టి పొలములలో డాక్తాల్ అను పేర ప్రసిద్ధమైన డీసీపీఏ యను గడ్డిమందు 1958లో అనుమతి బడసి, అరువది యేండ్లకు పైగా రాజ్యమేలినది. అది చల్లిన పిమ్మట 12 గంటల వరకు కూలీలను పొలమున అడుగిడనీయరాదని లేబులు శాసించెను. పదుమూడవ గంట మొదలు నిశ్చింతగా దింపవచ్చునని అర్థాపత్తి. సాయంకాలము చల్లి తెల్లవారి దింపుటకు ఈ 12 గంటలు ఎంత చక్కగా అమరినవో చూడుడు. విషమునకు సైతము గడియారము చూచుకొని, తెల్లవారకమునుపే మర్యాదగా లేచిపోవు సంస్కారము కలదని శాస్త్రకర్తల విశ్వాసము కాబోలు! తుదకు అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థవారు లెక్క కట్టి చూడగా, అనేక పంటలలో, అనేక పనులకు, ఆ మందు 25 దినములును అంతకు మించియు అపాయకరముగనే నిలిచియుండునని తేలినది. గర్భిణికి సోకు మోతాదు, సురక్షితమని తాము నిర్ణయించిన దానికి 4 మొదలు 20 రెట్లు కావచ్చుననియు, అందుచేత కడుపులోని శిశువునకు థైరాయిడ్ హార్మోను మట్టము చెడి, తక్కువ బరువుతో పుట్టుట, మెదడు ఎదుగుదల కుంటుపడుట, బుద్ధిబలము తగ్గుట మొదలైన బాధలు కలుగవచ్చుననియు వారే ప్రకటించిరి. అన్నిటికన్న రసవత్తరమైన మాట యింకొకటి గలదు: చేతితొడుగులు మొదలైన రక్షణ సామగ్రి ధరించినను అపాయము తప్పదట. అనగా స్మృతిని అక్షరము పొల్లుపోకుండ పాటించిన పతివ్రతకే శాపము తగిలినదన్న మాట.

ఈ తేలుట యెట్లు తేలినదో గూడ వినదగినది. థైరాయిడ్ పై పరీక్షల ఫలితములు సమర్పింపుడని సంస్థవారు ఆ మందు తయారుచేయు కంపెనీని 2013లో కోరిరి. ఆ ముఖ్యమైన పరీక్ష, అనుమతి నిలిపివేయుదుమని బెదిరించిన పిమ్మట, 2022లో గాని చేతికి రాలేదు. ఈ నడుమ తొమ్మిదేండ్లలో కడుపున పడి, పుట్టి, బడికి పోయిన బిడ్డలందరును తమకు తెలియకుండనే ఆ గైరుహాజరీ పట్టికకు సాక్షులు. అటుపిమ్మట 2023 డిసెంబరులో కంపెనీవారికి కరుణ ఉప్పొంగి, పచ్చిక మైదానములకు ఈ మందు వాడుటను స్వచ్ఛందముగా విరమించిరి. గోల్ఫు బంతిని వెదకుచు పచ్చికపై విహరించు పెద్దమనుష్యుల పాదములకు అపాయము తొలగినది. బ్రోకలీ మళ్లలో మోకాళ్లూనినవారికి మాత్రము మరి యెనిమిది నెలలు లేబులే రక్ష. ఐరోపా సమాఖ్య ఈ మందును 2009లోనే వెళ్లగొట్టినదన్న సంగతిని ఇచ్చట ప్రస్తావించుట మర్యాద కాదేమో!

కూలీలకు శిక్షణ లేదని యెవ్వరును నిందింపరాదు. ఏటేట శిక్షణ యిత్తురు. పని బట్టలు విడిచి, స్నానము చేసిన పిమ్మటనే పిల్లలను ముట్టుకొనవలెనని అందులో బోధింతురు. మడికట్టు ఆచారమును మూఢాచారమని మనము విడిచిపెట్టగా, అగ్రరాజ్యము దానిని పునరుద్ధరించినదని సంతోషింపవలసినదే. అయితే తల్లి స్నానము చేసి వచ్చువరకు ఆగి యుండుమని గర్భస్థ శిశువునకు బోధించు విధానమును మాత్రము వారింకను కనిపెట్టలేదు.

ఇక స్మృతి యొక్క భాష. వేదము శూద్రుల చెవిని పడరాదన్న వారిని మనము నేటికిని దూషింతుము. ఈ స్మృతికర్తలు అంత కఠినులు కారు, చదువరాదని యెన్నడును అనలేదు, ఇంగ్లీషులో వ్రాసి ఊరకుండిరి. చదువవలసినవారిలో అధికులు స్పానిషు మాటలాడువారని కనుగొనుటకు కొన్ని దశాబ్దములు పట్టినది. లేబులులోని ఆరోగ్య భద్రతాంశములు స్పానిషులో గూడ ఉండవలెనని 2022 డిసెంబరులో శాసనము చేసి, అది అంచెలంచెలుగా 2030 వరకు అమలు జరుగునట్లు గడువులు పెట్టిరి. ఒహాకా కొండల నుండి వచ్చి, మిష్టెకు, త్రికీ భాషలు తప్ప స్పానిషును సరిగా ఎరుగని వారి మాట ఆ తరువాతి యుగమునకు వాయిదా పడినది కాబోలు.

చదివి తెలిసికొన్నను, చెప్పుకొను చోటేది? సంఘము కట్టుకొను హక్కును కాపాడిన 1935 నాటి ఫెడరల్ చట్టము పొలము కూలీలను వెలి పెట్టినది. కనీస వేతనమును, అధిక పని వేతనమును ఏర్పరచిన 1938 నాటి చట్టమును వారిని వాకిట నిలిపినది. కనీస వేతనము పిమ్మట కొంత దక్కినను, అధిక పనికి అధిక వేతనము ఫెడరల్ చట్టములో నేటికిని వారికి లేదు. తక్కిన కార్మికుల క్షేమమును విచారించుటకు కార్మిక శాఖలో ప్రత్యేక సంస్థ యుండగా, పురుగుమందుల విషయమున పొలము కూలి క్షేమమును, ఆ మందులకు అనుమతి యిచ్చు సంస్థయే విచారించును. ఇక పంటపొలముల కూలీలలో దాదాపు నూటికి నలుబదిమందికి పని చేయుటకు తగిన కాగితములు లేవు. తల తిరుగుచున్నదని ఫిర్యాదు చేసినవాడు ఆసుపత్రికి పోవునో, సరిహద్దు దాటునో తెలియని చోట, ఫిర్యాదులు తక్కువగా నున్నవి గనుక మందు మంచిదని తేల్చుట ఎంత గొప్ప తర్కము!

పారక్వాట్ కథ వేరొక కాండము. మన తెలుగు పల్లెలలో గడ్డిమందుగా ప్రసిద్ధమై, విరుగుడు లేని విషమని వైద్యులు తలపట్టుకొను మందే యిది. ఒక్క గుక్క చంపగలదని అమెరికాలోని దాని లేబులే చాటును. ఎవరును పొరపాటున త్రాగకుండుటకు నీలపు రంగు, దుర్గంధము, వాంతి మందు అందులో కలిపిరి. త్రాగువానికై యింత శ్రద్ధ! గాలిలో పీల్చువానికి, పొలము ప్రక్క నివసించువానికి ఏమి కలిపిరో తెలియదు. కాలిఫోర్నియా మధ్యలోయలో ఇంటికి 500 మీటర్ల లోపున పారక్వాట్, మానెబ్ అను మందులు రెండును చల్లిన చోట నివసించినవారికి పార్కిన్సన్స్ వ్యాధి సోకు అవకాశము 75 శాతము అధికమని 2009లో పరిశోధకులు ప్రకటించిరి. సంబంధము నిస్సంశయముగా రుజువు కాలేదని పర్యావరణ పరిరక్షణ సంస్థవారు 2021లో దాని వాడుకకు మరల అంగీకరించిరి. స్విట్జర్లాండు 1989లో దానిని నిషేధించినది. ఐరోపా న్యాయస్థానము 2007లో అక్కడి అనుమతిని కొట్టివేసినది. అటుపిమ్మటను ఇంగ్లాండులోని హడర్స్‌ఫీల్డు కర్మాగారము దానిని తయారుచేసి, తమ దేశమున వాడరానిదానిని విదేశములకు పంపుచు వచ్చినది. అతిథికి ముందు వడ్డించి తాము పస్తుండు ఔదార్యమన నిదియే. సందేహము కలిగినప్పుడు ఆ సందేహ ఫలమును ముద్దాయికి ఇయ్యవలెనన్నది న్యాయసూత్రము. దానిని డబ్బాలోని ద్రవమునకు వర్తింపజేసి, వణకుచున్న చేతులను ముద్దాయి బోనులో నిలుపుట ఈ స్మృతి సాధించిన అపూర్వ వ్యాఖ్యానము.

ఈ మందులే లేకున్నచో సేద్యము కుప్పకూలును, కూర ధర మిన్నంటును, దేశము పస్తుండునని భయపెట్టుదురు. ఈ విలాపము సలీనాస్ లోయకు క్రొత్త కాదు. కలుపు తీయుటకు జానెడు, మూరెడు పిడి గల పారనే కూలీలకిచ్చి, దినమంతయు నడుము రెండుగా వంచి పనిచేయించిన కాలమున, పొడుగు పిడి పార యిచ్చినచో పంట పాడగునని యజమానులు ఇట్లే విలపించిరి. 1975లో కాలిఫోర్నియా ఆ పొట్టి పారను నిషేధించినది. కూలీల నడుములు లేచి నిలిచినవి. లెట్యూసు మాత్రము అలుగక, యథాప్రకారము పండుచునే యున్నది.

2024 ఆగస్టు 6వ తేదీన డీసీపీఏను అత్యవసరముగా నిలిపివేయుచు ఉత్తర్వు వెలువడినది. ఇట్టి అత్యవసరాధికారమును సంస్థ వినియోగించుట దాదాపు నలువది యేండ్లలో అదియే మొదటిసారి. ఆగస్టు 5వ తేదీ సాయంకాలమున ఆ మందును చల్లించి, 12 గంటలు నిష్ఠగా వేచి, మరునాటి ఉదయమున గర్భిణిని పొలములోనికి దింపిన యజమాని, స్మృతి ప్రకారము ధర్మాత్ముడే. ఆ దినముననే ఆ మందు దేశములో నుండరానిదని ప్రభుత్వము ప్రకటించినది. ఆ రాత్రి విషము గుణమేమియు మారలేదు, మట్టి మారలేదు, గర్భస్థ శిశువు మారలేదు, మారినది కాగితము. కావున, ‘లేబులు ప్రకారము వాడినచో అపాయము లేద’ని యికమీదట యెవరైన వక్కాణించినచో, వారితో వాదమునకు దిగి కాలహరణము చేయక, ఏ తేదీ నాటి లేబులో ముందుగా సెలవీయుడని వినయముగా అడుగవలెను.