మేనత్తకు గడి లేదు

కోహినూరు దొరికిందని చెప్పుకునే కొల్లూరు మాది కాదు. అది పల్నాటి వైపుది, పులిచింతల నీళ్ళలో మునిగింది. మాది తెనాలికి దిగువన, కృష్ణ ఒడ్డున అరటీ పసుపూ పండే కొల్లూరు. ఈ సంగతి మనిషికి ఒకసారి చెబితే చాలు. ఫోనుకు మాత్రం ఒకే పేరు రెండుసార్లు కనబడితే చెయ్యి ఊరుకోదు, కలిపేయమంటారా అని అడుగుతుంది.

మా బాబాయి రిటైరైన లెక్కల మాస్టారు. ఊరొదిలిన వాళ్ళందరి ఈమెయిళ్ళూ ఫోన్ నంబర్లూ ఆయన దగ్గరే. గుడికి రంగులు వేయించాలన్నా, కృష్ణకు వరదొచ్చినా, డాలస్ నుంచి మెల్‌బోర్న్ దాకా కబురు ఆయనే పంపాలి. పాత మెయిల్లోంచి ఆ పట్టీని కొత్త ఫోన్లోకి ఎక్కించే పని నా నెత్తిన పడింది. తాత పేరు మనవడికి పెట్టే ఊరాయె, పోయినవాళ్ళను కొట్టేసే అలవాటు బాబాయికి లేదాయె. ఎక్కించీ ఎక్కించగానే ఫోను తాతనూ మనవణ్ణీ ఒకటి చేస్తానంది. "వద్దని చెప్పరా, తాత అప్పులు పిల్లాడి మీద పడతాయి" అన్నాడు బాబాయి.

పాత మెయిల్లోంచి పట్టీ దిగింది సీఎస్‌వీ ఫైలుగా. సీఎస్‌వీ అంటే మనిషికో వరుస, వివరానికో కామా, అంతే. ఎవరికి తోచినట్టు వాళ్ళు నడిపాక, 2005లో గానీ దానికో రాతకోతల పద్ధతి కుదరలేదు. మన చిరునామాల్లో కామా లేనిదెక్కడ? 'రామాలయం వెనక, వేపచెట్టు పక్కన, కొల్లూరు' అన్నదాన్ని కొటేషన్ గుర్తుల్లో బంధించకపోతే, వేపచెట్టు జిల్లా గడిలోకి, కొల్లూరు దేశం గడిలోకి జారిపోతాయి. బాబాయి చలించలేదు. 2022లో ఉన్నచోటే ఉండి గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాకు వెళ్ళినవాడు, దేశం మారితే మాత్రం ఏమంత?

సరిచూద్దామని ఆ ఫైలును ఆఫీసు లెక్కల ప్రోగ్రాములో తెరిస్తే కొత్త వింత. 91తో మొదలయ్యే పన్నెండంకెల ఫోన్ నంబరు దాని కంటికి ఓ పెద్ద సంఖ్య. తొమ్మిదీ చిల్లర, ఇంటూ పదికి పదకొండో ఘాతం అని కుదించి పెట్టింది. అలాగే సేవ్ చేస్తే ఊళ్ళో సగం మందికి ఒకటే నంబరు. తెనాలి కోడు 08644లో ముందున్న సున్నా కూడా ఎగిరిపోయింది. దానికి బాబాయి ఏమీ అనలేకపోయాడు. ఎడమవైపు సున్నాకు విలువ లేదని ముప్పై బ్యాచిలకు చెప్పింది ఆయనే.

తెలుగు పేర్ల గతి ఇంకో రకం. యూనికోడ్‌లో 1991 నుంచే మన లిపికి చోటుంది. దాన్ని ఫైల్లో రాసే యూటీఎఫ్-8 లెక్కలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. రాసింది ఒక లెక్కలో, విప్పింది మరో లెక్కలో అయితే పేర్లకు బదులు నెత్తిన గీతలున్న ఫ్రెంచి అక్షరాలు కనబడతాయి. "మనవాళ్ళు ఫ్రాన్సు ఎప్పుడెళ్ళార్రా?" అన్నాడు బాబాయి.

మా ఊరి పక్కనే భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం తవ్వితే దొరికిన రాతి భరిణెల మీద ఆనాటి గోష్ఠి సభ్యుల పేర్లు వరసగా చెక్కి ఉన్నాయి. నంబర్లు లేకపోయినా అదీ కాంటాక్టుల పట్టీయే. బ్రాహ్మిలో కొన్ని అక్షరాలను వాళ్ళిష్టం వచ్చినట్టు మార్చుకున్నారు కూడా. అయినా లిపి పండితుడు బ్యూలర్ చదివేశాడు. రెండు వేల ఏళ్ళ నాటి పేర్లు తెరుచుకున్నాయి, బాబాయి పాత మెయిల్లో పేర్లు తెరుచుకోవు!

సీఎస్‌వీ కంటే, కాంటాక్టుల కోసమే పుట్టిన వీకార్డ్ ఫైలు కొంత నయం. అందులో ఇంటిపేరే ముందు రాస్తారు, అచ్చం మనలాగే. 2011లో వచ్చిన నాలుగో వెర్షన్లో పుట్టినరోజు గడిలో తేదీకి బదులు మాటలు రాయొచ్చు. దివిసీమ ఉప్పెన వచ్చిన ఏడు అని రాసినా తప్పులేదు. బంధుత్వాలకూ ఏర్పాటుంది. ఆ జాబితా బాబాయికి చదివి వినిపించాను: స్నేహితుడు, ముఖపరిచయం, పొరుగువాడు, తోబుట్టువు, మనసుపడ్డ మనిషి, ప్రియురాలు, కవిత్వానికి ప్రేరణ...

"తోడల్లుడు?"

లేడు. వియ్యపురాలు లేదు. మేనమామ, ఆడపడుచు, మేనత్త, అందరూ బంధువు అనే ఒక్క గడిలో సర్దుకోవాలి.

"కవిత్వం పుట్టించేదానికి గడి పెట్టారు, మేనత్తకు పెట్టలేదూ?" బాబాయికి నిజంగానే కోపమొచ్చింది. మేనత్త కూతుర్ని చేసుకున్నవాడు మరి.

పైగా చాలా ఫోన్లు ఇప్పటికీ పాత వెర్షన్లలోనే ఎగుమతి చేస్తాయి. తమకు తెలియని గడి ఎదురైతే చెప్పాపెట్టకుండా వదిలేసేవీ ఉన్నాయి. ఎటు మార్చినా పేరు గడి ఒక్కటే దక్కుతుందని బాబాయి కనిపెట్టాడు. ఇప్పుడు సమస్తం అందులోనే. 'లంక మేనత్త రెండో కోడలి తమ్ముడు డాలస్ గుడికి బాకీ' అన్నది ఒక మనిషి పేరు. చూపు ఆనక, మోగినప్పుడు పేరు చదివి వినిపించేలా ఫోన్లో పెట్టించుకున్నాడు. అది కోడలి దాకా వచ్చేసరికి అవతలివాళ్ళు విసిగి పెట్టేస్తున్నారు.

కాస్త కుదించు బాబాయ్ అంటే, "ఏది తీసెయ్యమంటావురా, మేనత్తనా, బాకీనా?" అంటాడు.