మనిషి లేని ఫొటో

జనమంటే గిట్టని దంపతులు మనలో చాలామందే ఉన్నారు. తిరుమలకు ఆఫ్ సీజన్‌లోనే వెళ్తామంటారు. తిరుమలకు ఆఫ్ సీజన్ ఎప్పుడండీ అని అడిగితే చిరునవ్వు నవ్వి ఊరుకుంటారు. సంక్రాంతికి అందరికంటే ముందు బయల్దేరాలని తెల్లవారుజామున మూడింటికే కారు తీసి, అదే ఆలోచన వచ్చిన వేలమందితో కలిసి పంతంగి టోల్‌గేటు దగ్గర తెల్లారేదాకా కూర్చుంటారు. ఇలాంటి జంట ఆర్నెల్ల ముందు నుంచే ప్లాను వేసి, షెంగెన్ వీసా కోసం బ్యాంకు కాగితాలు పట్టుకుని తిరిగి, పిల్లల్ని అమ్మమ్మగారింట్లో దింపి, ఏకాంతం వెతుక్కుంటూ వెళ్లేది ఎక్కడికయ్యా అంటే, జూన్ నెలలో ఇటలీలోని చింక్వె తెర్రెకు.

లిగూరియా తీరంలో కొండ అంచుల్ని పట్టుకుని వేలాడుతున్న ఐదు ఊళ్లవి: మాంటెరోస్సో, వెర్నాజ్జా, కొర్నిలియా, మనరోలా, రియోమజ్జోరె. అన్నిట్లో కలిపి కాపురం ఉండేవాళ్లు నాలుగు వేలకు కాస్త అటూ ఇటూ. చూసిపోయేవాళ్ల లెక్క లక్షల్లో. ఆయన మాత్రం ఆఫీసులో సెలవు పెడుతూ "ఎవరికీ పెద్దగా తెలియని చోటు" అనే చెబుతాడు. రైలుకు 1874లోనే తెలిసింది. యునెస్కోకు 1997లో తెలిసింది. మిగిలినవాళ్లకు ఫోన్లు వచ్చాక తెలిసింది.

ఆయన దగ్గర ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది. ఏ ఊరికి ఎన్నింటికి, ఏ గంటలో జనం తక్కువ, ఏ గోడ మీద ఎండ ఎప్పుడు పడుతుంది, అన్నీ రంగులు వేసి మరీ రాసుకుంటాడు. రియోమజ్జోరె నుంచి మనరోలాకు సముద్రం అంచునే పోయే ప్రేమబాట, వియా దెల్లామోరె, 2012లో కొండరాళ్లు పడి మూతపడింది, 2024లో మళ్లీ తెరుచుకుంది. ముందుగా సమయం బుక్ చేసుకున్నవాళ్లకే ప్రవేశం. ఆయన చేసుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడతో ప్రేమగా నడవడానికి ఆయనకు ఖాయంగా దొరికిన టైము అదొక్కటే. ఆ కిలోమీటరు లోపు దారిలో కూడా వాచీ చూసుకుంటూ, "కొంచెం తొందరగా నడువు, వెనకవాళ్లు వచ్చేస్తున్నారు" అంటాడు.

అసలు పరీక్ష లా స్పెజియా స్టేషన్లో మొదలవుతుంది. ప్లాట్‌ఫాం మీద గొడుగెత్తిన గైడు, ఆ గొడుగు వెనకాల ఓడ దిగి వచ్చిన యాభైమంది, వాళ్ల వెనకాల ఇంకో గొడుగు. "వీళ్లంతా ఎక్కడికండీ?" అని ఆవిడ భయంభయంగా అడుగుతుంది. "మనం వెళ్లే చోటికి కాదులే" అని ఆయన ధైర్యం చెబుతాడు. రైలొస్తుంది. అందరూ అదే ఎక్కుతారు. అప్పటిదాకా నెమ్మదస్తుడిగా కనిపించిన ఆయనలో ఒకప్పుడు రోజూ బేగంపేటలో ఎంఎంటీఎస్ ఎక్కిన మనిషి మేలుకుంటాడు. తలుపు ఎక్కడ ఆగుతుందో ముందే లెక్కగట్టి, బ్యాగు ముందుకు తిప్పుకుని, మోచేయి కాస్త బయటికి పెట్టి, ఆవిడను కిటికీ పక్కన నిలబెట్టేస్తాడు. ఊరికీ ఊరికీ మధ్య ప్రయాణం నాలుగైదు నిమిషాలు దాటదు, అందులోనూ సొరంగాలే ఎక్కువ. సముద్రం కనబడిందని ఆవిడ ఫోను ఎత్తేలోపు చీకటి పడుతుంది. ఫొటోలో ఆవిడ మొహమే వస్తుంది, భుజం వెనక ఆరుగురు అపరిచితులతో సహా.

మనరోలాలో దిగి, రేవు దాటి, ఎదుటి కొండవాలు మీదికి చేరుకుంటే ఆ ప్రసిద్ధమైన దృశ్యం. నల్లటి బండ మీద గులాబీ, పసుపు, ఎరుపు ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి. ఆవిడ దీనికోసమే ఎల్లో కలర్ ఫ్రాక్, వెడల్పాటి టోపీ తెచ్చుకుంది. కమ్మీ దగ్గర చోటు కోసం చిన్న క్యూ. వంతు వచ్చాక కూడా ఫొటో తీయడం కుదరదు, ఎందుకంటే చట్రంలో ఎర్రచొక్కా ఆయన ఒకడున్నాడు.

"ఆ ఎర్రచొక్కా కదలనివ్వండి."

"కదిలాడు. తియ్యనా?"

"ఆగండి, ఇప్పుడు పిల్లాడొచ్చాడు."

"పిల్లాడు పోయాడు. నవ్వు."

"ఎర్రచొక్కా మళ్లీ వచ్చాడండీ!"

ఎర్రచొక్కా ఆయన నిలబడింది కూడా ఇందుకే. వాళ్లావిడ అవతల రాయి మీద నిలబడి, ఈ ఎల్లో ఫ్రాక్ ఎప్పుడు తప్పుకుంటుందా అని చూస్తోంది. ఇలాంటి దంపతులు ఇదే తీరంలో ఉన్న పోర్టోఫినోకు వెళ్లేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అక్కడ 2023లో సెల్ఫీలకు పేరుపడ్డ చోట్ల ఆగి నిలబడకూడదని హద్దులు గీసి, నిలబడ్డవాళ్లకు 275 యూరోల దాకా జరిమానా పెట్టారు. ఆవిడ టోపీ సర్దుకునేలోపే బిల్లు వస్తుంది.

కొర్నిలియా ఒక్కటే సముద్రం ఒడ్డున కాకుండా కొండ మీద ఉంటుంది. పడవ రేవు లేదు. స్టేషన్ నుంచి ఊళ్లోకి దాదాపు 380 మెట్లు. "జనం తక్కువుండేది ఇక్కడే" అని ఆయన షీటులో ఆకుపచ్చ రంగు వేసుకున్నాడు. మెట్లెక్కే అలవాటు మనకు తిరుమల నుంచే ఉందంటూ మొదటి వంద హుషారుగా ఎక్కుతాడు. రెండో వందలో నీళ్లు తాగుతాడు. మూడో వందలో, ఈ ఊరికి కావాలనే మెట్లు పెట్టారని, మనలాంటి నిజమైన యాత్రికుల్ని ఏరడానికే పెట్టారని సిద్ధాంతం చెబుతాడు. పైకి చేరేసరికి ఆవిడ అరగంట క్రితమే మినీబస్సులో వచ్చి, నిమ్మకాయ ఐస్‌క్రీము తింటూ కనిపిస్తుంది. చుట్టూ నిజమైన యాత్రికులు కిటకిటలాడుతుంటారు.

భోజనం ఇంకో ఘట్టం. మాంటెరోస్సోలో ఉప్పులో ఊరేసిన చిన్నచేపలకు పెద్ద పేరు. కానీ ఆ రోజు శనివారం. తులసిజాతి ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, చీజు, నూనె వేసి నూరిన పెస్టోను ఆవిడ చూడగానే పచ్చడి కింద జమకట్టి, కారం లేదని తేల్చేస్తుంది. శనగపిండితో చేసే ఫరినాటా వస్తే ఇద్దరి మొహాలూ విప్పారుతాయి. మనింట్లో వేసే శనగపిండి అట్టే, కాకపోతే యూరోల్లో. బిల్లులో కోపెర్తో అని తలకింత వేశారని ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చూస్తాడు. అది కూర్చున్నందుకు తీసుకునే డబ్బని తెలిశాక, ఆ డబ్బు తీరేదాకా కుర్చీ లోంచి లేవడు.

సాయంత్రం వెర్నాజ్జా సందులో ఒక ముసలావిడ ఎదురవుతుంది. ఒక చేతిలో కూరగాయల సంచి, ఇంకో చేతిలో బ్రెడ్డు పొట్లం. ఆమె ఇంటి మెట్ల మీద మనవాళ్లు నిలబడి ఉన్నారు, నీలం తలుపు బాగుందని. కొండల్ని మెట్లుమెట్లుగా చెక్కి, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి, ద్రాక్షతోటలు నిలబెట్టిన మనుషుల వారసురాలు. ఆ రాతిగోడల వల్లే ఈ కొండలు నిలిచి ఉన్నాయి, ఈ ఫొటోలు వస్తున్నాయి. ఆమె "పెర్మెస్సో" అంటుంది. తప్పుకోమని అర్థం. "ఒక్క నిమిషం ఆంటీ" అని ఆయన తెలుగులోనే బతిమాలి, సంచీతో సహా ఆమెను అటుపక్కకు జరగమని సైగ చేస్తాడు. ఆమె జరుగుతుంది. రోజుకు ఎన్నిసార్లు జరుగుతుందో ఏమో, చాలా నేర్పుగా జరుగుతుంది.

రాత్రి గదిలో అసలు పని. ఆవిడ ఫోనులో మనుషుల్ని వేలితో రుద్ది తుడిచేస్తుంది. గొడుగులు పోతాయి, గైడ్లు పోతారు, పిల్లాడు పోతాడు, ఎర్రచొక్కా ఆయన ఎట్టకేలకు పోతాడు. అర్ధరాత్రికి మనరోలాలో ఆవిడ, టోపీ, సముద్రం మాత్రమే మిగులుతాయి. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టి కింద "ప్రశాంతత" అని రాస్తుంది. తెల్లారేసరికి నలభై గుండెకాయలు. "ఎంత నిర్మానుష్యంగా ఉందో, స్వర్గమే!" అని వదినగారు. ఊళ్లో పెద్దత్తయ్య ఒక్కతే చత్వారం కళ్లతో పరకాయించి చూసి, "అమ్మాయీ, కమ్మీ మీద ఆ చెయ్యి ఎవరిదే?" అని అడుగుతుంది. తుడవడంలో మిగిలిపోయిన ఎర్రచొక్కా ఆయన చెయ్యి అది.

ఆ ఖాళీ ఫొటో చూసి మరుసటి వేసవికి నాలుగు కుటుంబాలు టిక్కెట్లు కొంటాయి. రద్దీగా ఉన్న ఫొటో పంపి ఉంటే ఒక్కరూ కదిలేవారు కాదు. సలహా కోసం ఫోన్ చేస్తే ఆయన నిట్టూరుస్తాడు.

"ఇప్పుడు వెళ్లి లాభం లేదండీ. జనం ఎక్కువైపోయి పాడైపోయింది. మేం వెళ్లినప్పుడు చూడాలి, మనిషన్నవాడు లేడు."

"మరి ఈసారి మీరెక్కడికి?"

ఆయన గొంతు తగ్గిస్తాడు. "అల్బేనియాలో ఒక తీరం ఉంది. ఇంకా ఎవరికీ తెలీదు. మీలోనే ఉంచుకోండి" అని, అప్పటికే పదిమందికి పంపిన కొత్త ఎక్సెల్ షీటు లింకు మనకీ పంపిస్తాడు.