ఎనిమిదో బంతి దానం

పూల్ టేబుల్ మీద సమసమాజం వచ్చేసింది. హైదరాబాద్‌లో మాదాపూర్ నుంచి కొండాపూర్ దాకా ఏ పూల్ కేఫ్ మెట్లెక్కినా ఇప్పుడు ఒకటే మాట: హ్యాండిక్యాప్ మనీ మ్యాచ్. ఆట వచ్చినవాడు రానివాడికి కాస్త ముందు ఇస్తాడు. దాంతో ఇద్దరూ సమానమైపోతారు. చెరో రెండు వేలు పెడతారు. ఆపైన ఎవడి గుండె గట్టిదైతే వాడే గెలుస్తాడు. ఇది పందెం కాదట, వ్యక్తిత్వ వికాసమట. డబ్బు పెట్టకపోతే ప్రెషర్ ఉండదు, ప్రెషర్ లేకపోతే మనిషి ఎదగడు. ఈ సిద్ధాంతం బోధించేవాళ్లంతా రెండు వేలు జేబులో వేసుకుని ఇంటికి పోయేవాళ్లే కావడం కాకతాళీయం.

నేనూ ఆడతాను. గొప్పగా ఏం కాదు. ఆబిడ్స్ వైపు స్నూకర్ పార్లర్లలో మార్కర్ల చీవాట్లు తింటూ నేర్చుకున్న ఆట. అప్పుడూ పందేలు ఉండేవి. ఓడినవాడు టేబుల్ డబ్బులు కట్టేవాడు. మరీ తెగించిన రోజున చాయ్, ఉస్మానియా బిస్కెట్లు కూడా వాడి ఖాతాలోనే. ఓడినవాడి మానసిక దారుఢ్యం గురించి ఎవరూ ఉపన్యాసం ఇచ్చేవారు కారు. క్యూ వంకరగా ఉందని వాడంటే అందరం ఒప్పుకునేవాళ్లం.

ఇప్పుడు నైన్ బాల్ వచ్చింది. దాంతోపాటు దాతలూ వచ్చారు. టేబుల్ మీద ఉన్నవాటిలో చిన్న నంబరు బంతిని ముందు తాకాలి, తొమ్మిదిని పాట్ చేసినవాడిది గేము. ఆట మొదలుకాకముందే అన్న క్యూకి చాక్ రాస్తూ, ‘తమ్ముడూ, నీకు ఎనిమిది ఇస్తున్నా పో’ అంటాడు. అంటే తమ్ముడు ఎనిమిది వేసినా గెలిచినట్టే, తొమ్మిది వేసినా గెలిచినట్టే. అన్న మాత్రం తొమ్మిదే వెయ్యాలి. చుట్టూ ఉన్నవాళ్లు ఆ దాతృత్వానికి ముక్కున వేలేసుకుంటారు. తమ్ముడికి కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ.

మరి ఆ ఎనిమిది దాకా తమ్ముడు చేరేదెలా? వరసగా మూడు బంతులు పడితే ఫోన్ తీసి స్టేటస్ పెట్టుకునే రకం అతను. ఆ ఎనిమిదికి ముందు ఏడు బంతులు ఉన్నాయి. వాటిలో ఒకటి రెండు ఇతను వేసి, మూడో దానికి తప్పుతాడు. అన్న లేచి మిగిలినవి ఊడ్చుకుంటూ పోయి, చివరకు దానమిచ్చిన ఆ ఎనిమిదిని కూడా తానే వేసి, తొమ్మిదితో ముగిస్తాడు. పెళ్లిలో పూర్ణాలన్నీ నీకే రాసిచ్చామని చెప్పి, వంట ఖాళీ అయ్యాక ఆఖరి బంతిలో కూర్చోబెట్టడం ఇది.

ఇంకొంచెం తవ్వి చూడండి. ఒకవేళ తమ్ముడు నిజంగానే ఏడు వేసి, ఎనిమిదికి తెల్లబంతిని సరిగ్గా నిలిపి, దాన్నీ వేయగలిగాడనుకోండి. అంత చేతనైనవాడికి ఆ దానం వల్ల తగ్గిన పని ఎంత? ఒక్క బంతి. ఆ తొమ్మిది ఒక్కటి వేయక్కర్లేదు, అంతే. ఇక అన్న ఎనిమిది దగ్గర తప్పితే తమ్ముడికి పండగే. కానీ ఎనిమిది దగ్గర తరచూ తప్పేవాడు ఎవరికీ ఎనిమిది ఇవ్వడు కదా! ఏ బంతి దగ్గర తాను తప్పడో అన్నకు తెలుసు, ఏ బంతి దాకా తమ్ముడు రాడో కూడా తెలుసు. ఆ రెండూ కలిసే చోటే దానం చేస్తాడు. ఆరో బంతి ఇవ్వమని అడిగి చూడండి, దాత ముఖం ఎలా మాడిపోతుందో.

‘కాంబినేషన్‌లో పడితే?’ అని తమ్ముడు ఆశగా అడుగుతాడు. అక్కడ రెండో బేరం మొదలవుతుంది. రెండుని కొడితే అది పోయి ఎనిమిదిని తోసి, ఎనిమిది గుంటలో పడితే గేము వచ్చేస్తుందా? వస్తే ఆ దానానికి కాస్త విలువుంది. బలహీనుడి గెలుపుల్లో చాలా అలా అదృష్టంతో వచ్చేవే. అన్నకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే, ‘ముందే చెప్పి, కాల్ చేసి వేస్తేనే లెక్క తమ్ముడూ, అదాటున పడితే లెక్కలేదు, స్కిల్ ఉండాలి కదా’ అంటాడు. అంటే స్కిల్ లేనివాడికని ఇచ్చిన రాయితీని వాడుకోవాలంటే స్కిల్ కావాలి. కులం సర్టిఫికెట్‌కి ఆదాయం సర్టిఫికెట్, దానికి రేషన్ కార్డు, దానికి మళ్లీ కులం సర్టిఫికెట్ అడిగే ఆఫీసులో ఏ గుమాస్తాకూ తట్టని నిబంధన ఇది.

ఆ బేరం ఎంతసేపు సాగుతుందో చూశారా? ఆటకంటే ఎక్కువసేపు. మొదటి దెబ్బ, అంటే బ్రేక్ ఎవరిది, గెలిచినవాడిదా, ఒకరి తర్వాత ఒకరిదా? బ్రేక్‌లోనే ఎనిమిది పడితే తమ్ముడికి గేమా, కాదా? అసలు మ్యాచ్ అదే. క్యూ పట్టకముందే అది అయిపోతుంది. ఎవరెంత ఆడతారో తెలిసినవాడు ఒకడు, తన ఆట మీద తనకే భ్రమలున్నవాడు ఒకడు. ‘మరీ ఎక్కువ అడిగితే పరువు పోతుందేమో’ అని సగం అడిగి ఆపేసేది ఎప్పుడూ ఆ రెండోవాడే.

బంతులు వద్దు, గేములే ఇస్తానంటాడు ఇంకో దాత. ‘నేను ఏడు గెలవాలి, నువ్వు ఐదు గెలిస్తే చాలు.’ రెండు గేములు ఫ్రీ! కాగితం తీసి లెక్క వేద్దాం. అమెరికాలో ఫార్గోరేట్ అనే రేటింగ్ ఉంది. అందులో ఇద్దరి మధ్య 100 పాయింట్ల తేడా ఉందంటే, బలమైనవాడు రెండు గేములు గెలిస్తే రెండోవాడు ఒకటి గెలుస్తాడని అర్థం. అమెచ్యూర్లలో అది చాలా మామూలు తేడా. అలాంటి ఇద్దరు ఏ రాయితీ లేకుండా, ముందు ఏడు గేములు గెలిచినవాడిదే మ్యాచ్ అని ఆడితే బలమైనవాడు నూటికి 90 సార్లు గెలుస్తాడు. రెండు గేములు దానం చేశాక? నూటికి 71 సార్లు. మూడు ఇచ్చినా 56. నాలుగు ఇస్తేగానీ తరాజు ఇటు మొగ్గదు. నూటికి 71 సార్లు తానే గెలిచే పందేన్ని ‘సమానం’ అని పిలిచే ధైర్యం లాటరీ టికెట్లు అమ్మేవాడికి కూడా ఉండదు.

అదీ తేడా 100 పాయింట్లే అని తెలిస్తే. అది నమ్మకంగా చెప్పాలంటే ఆ రేటింగ్ వాళ్లు 200 గేముల రికార్డు అడుగుతారు. మన దగ్గర రికార్డు ఏమిటి? ‘క్యూ పట్టి నెలయిందన్నా’ అనే ఒక్క వాక్యం. అమెరికాలో అమెచ్యూర్ లీగులు నడిపే ఏపీఏ వాళ్లు ఎయిట్ బాల్ అనే ఇంకో రకం పూల్ ఆటగాళ్లకు 2 నుంచి 7 దాకా మెట్లు పెట్టారు. 7వ మెట్టువాడు ఏడు గేములు గెలవాలి, ఎదురుగా 2వ మెట్టువాడుంటే అతనికి రెండు చాలు. ఏ గేము ఎన్ని ఇన్నింగ్స్‌లో ముగిసింది, ఎవడు బంతి వెయ్యకుండా ఎదుటివాణ్ని ఇరికించే సేఫ్టీలు ఎన్ని ఆడాడు, అన్నీ రాసుకుంటారు. అంత రాసుకున్నా మెట్టు పెరగకుండా కావాలని బంతులు వదిలేసే మహానుభావులు అక్కడా తయారయ్యారు. శాండ్‌బ్యాగింగ్ అంటారు దాన్ని. ఇక్కడ రాసేవాడూ లేడు, అడిగేవాడూ లేడు, అయినా ఇది నిష్పక్షపాతమైన ఆట అని నమ్మాలి మనం.

సరే, ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ తర్వాత వచ్చే ‘ప్రెషర్’ దగ్గర నాకు నవ్వు రాదు.

మొన్న ఒక పార్లర్‌లో చూశాను. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఏదో కోర్సు చేస్తున్న కుర్రాడు. అవతల మంచి ఉద్యోగంలో ఉన్న అన్న. కుర్రాడికి ఎనిమిది ఇచ్చారు, ఒక గేము కూడా ఇచ్చారు. ఆఖరి గేములో ఎనిమిది సూటిగా ఉంది, చిన్నపిల్లాడు కూడా వేసేది. తప్పాడు. అన్న వేసేశాడు. కుర్రాడు ఫోన్ తీసి స్కాన్ చేస్తుంటే చుట్టూ ఉన్న పెద్దలు మొదలెట్టారు: ‘నీ ఆటలో లోపం లేదు తమ్ముడూ, మైండ్‌లో ఉంది. ప్రెషర్ తట్టుకోవడం నేర్చుకో. ఇంకో మ్యాచ్ ఆడితే అలవాటైపోతుంది.’

ఏమిటి తట్టుకోవాల్సింది? ఆ రెండు వేలు ఒకరికి శనివారం రాత్రి బిల్లులో ఒక ప్లేటు. ఇంకొకరికి హాస్టల్ బాకీలో ముక్క. ఇద్దరూ ఒకే బంతి ముందు వంగున్నారు కానీ ఇద్దరి ముందూ ఉన్నది ఒకే బంతి కాదు. బంతులకు రాయితీ ఇచ్చారు, గేములకు ఇచ్చారు, అద్దె కట్టాల్సినవాడి చేతి వణుకుకి రాయితీ ఏదయ్యా? అది లెక్కలోకి తీసుకోకపోగా, వాడి పేదరికాన్ని వాడి గుండె బలహీనతగా వాడికే అంటగట్టి, పైగా దాన్ని సలహా అంటారా? సిగ్గుండాలి.

ఇది నా కడుపుమంట ఒక్కటే కాదు. 1982లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధన ఉంది, అచ్చంగా పూల్ టేబుళ్ల దగ్గరే చేసింది. మొదట ఎవరికీ తెలియకుండా దూరం నుంచి చూశారు: బాగా ఆడేవాళ్లు నూటికి 71 షాట్లు వేస్తున్నారు, ఆట అంతంతమాత్రం వాళ్లు 36. తర్వాత నలుగురు వెళ్లి టేబుల్ పక్కనే నిలబడి చూడటం మొదలెట్టారు. బాగా ఆడేవాళ్లు 80కి ఎగబాకారు. రెండోవాళ్లు 25కి జారిపోయారు. డబ్బు లేదు, పందెం లేదు, ఊరికే నలుగురు నిలబడ్డారంతే. రెండుకి ఒకటిగా ఉన్న తేడా మూడుకి ఒకటి దాటిపోయింది. హ్యాండిక్యాప్ మహాశయులారా, మీరు తూకం వేసేది ఏ తేడాని? ఎవరూ లేని మధ్యాహ్నం పూట ఆడిన ఆటని. వసూలు చేసుకునేది ఏ తేడా మీద? రాత్రి పదికి, చుట్టూ జనం మూగి, ఆ జనమూ పైపందేలు కాసుకుంటూ ఉండగా ఆడే ఆట మీద. ప్రెషర్ ఇద్దరినీ ఒకేలా నొక్కదు. బలవంతుణ్ని లేపుతుంది, బక్కవాణ్ని తొక్కుతుంది. మీరిచ్చిన ఎనిమిదిని అది మీకే వడ్డీతో తిరిగి తెచ్చిపెడుతుంది.

డబ్బు పెడితే ఏకాగ్రత పెరుగుతుందంటారా? మదురై దగ్గర పల్లెల్లో ప్రవర్తనా ఆర్థికశాస్త్రవేత్త డాన్ ఏరియలీ, మరికొందరు కలిసి చేసి 2009లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ఏకాగ్రత, చేతి నేర్పు కావాల్సిన ఆటలు ఆడించి, కొందరికి ఆటకు గరిష్ఠంగా 4 రూపాయలు, కొందరికి 40, కొందరికి 400 ఇస్తామన్నారు. ఆటలన్నీ కలిపితే ఆ పెద్ద మొత్తం అక్కడి మనుషులకు నెలల తరబడి ఖర్చులకు సరిపడేంత. అందరికంటే అధ్వానంగా ఆడింది ఆ 400 వాళ్లే. (ఏరియలీ వేరే పరిశోధన ఒకటి తర్వాత వివాదంలో పడిన మాట నాకు తెలుసు. ఇది ఆ పరిశోధన కాదు.) ఇల్లు గడవడం ఒక్క షాట్ మీద ఆధారపడ్డప్పుడు చెయ్యి వణకడం జబ్బు కాదు, మనిషి లక్షణం.

‘ఎఫ్రెన్ రెయెస్‌ని చూడండి’ అంటారు వెంటనే, ఆ ఫిలిప్పీన్స్ పూల్ దిగ్గజాన్ని చూపించి. 1996లో హాంకాంగ్‌లో అమెరికా ఆటగాడు ఎర్ల్ స్ట్రిక్లాండ్‌తో 120 గేముల రేస్, 120–117తో గెలుపు, లక్ష డాలర్లు. చూశాం. ఆయన మనీలాలో బంధువుల పూల్ హాల్లో, రాత్రుళ్లు టేబుళ్ల మీదే పడుకుంటూ పెరిగినవాడు. పైగా ఆ మ్యాచ్‌లో ఎవరూ ఎవరికీ ఎనిమిది ఇవ్వలేదు.

 

ఇక చట్టం. ‘ఇది స్కిల్ గేమ్ సార్, జూదం కాదు’ అని కేఫ్ ఓనర్లు ఛాతీ విరుస్తారు. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని రమ్మీ కేసులో 1968లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటే అని చెప్పిన మాట ఇంకా వాళ్ల చెవుల్లో మోగుతోంది కాబోలు. తెలంగాణ 2017లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యపు ఆటైనా సరే దాని ఫలితం మీద డబ్బు ఒడ్డితే పందెమే అని రాసుకున్న సంగతి వాళ్ల దాకా రాలేదు.

ఆ కుర్రాడు ఓడిన రాత్రి ఆ అన్నతో ఒక మాట అన్నాను. నిజంగా సమానమే కావాలంటే, బంతులూ గేములూ ఏమీ ఇవ్వక్కర్లేదు బాబూ, డబ్బుకే హ్యాండిక్యాప్ పెట్టు. నెల రాబడిలో పదో వంతు అతను పెడతాడు, పదో వంతు నువ్వూ పెట్టు. అతనిది ఒక వెయ్యి అవుతుంది, నీది పాతికో ముప్పయ్యో వేలు. అప్పుడు ఆఖరి గేములో ఎనిమిది ముందు వంగి, ప్రెషర్ ఎలా తట్టుకుంటారో మా అందరికీ చూపించు. మేమూ వికసిస్తాం.

ఆయన క్యూ విప్పి కేసులో పెట్టుకుంటూ నా వైపు జాలిగా చూశాడు. ‘అంతంత డబ్బా? అది జూదం కదా సార్!’