నన్నెవరూ కుట్టించుకోలేదు

నా పొడవు 80 సెంటీమీటర్లు. పన్నా దానికంటే కాస్త ఎక్కువ. రంగు చిలకపచ్చ. కొలతలు ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇంకో ఇరవై సెంటీమీటర్లు ఉంటే నా రాత వేరేగా ఉండేది. ఏ పెళ్లిలోనో ఎవరి ఒంటి మీదో కనబడేదాన్ని. అవి లేవు కాబట్టి బీరువాలు చూశాను. ఇనప బీరువాలు, గోడ బీరువాలు, కలరా ఉండల వాసన కొట్టే ట్రంకు పెట్టెలు, మంచం కింది సూట్‌కేసులు.

నన్ను జాకెట్టు ముక్క అంటారు. కొన్ని ఊళ్లలో రవిక గుడ్డ, హైదరాబాదులో జాకెట్ పీసు. మీ ఇంట్లో మావాళ్లు ఎక్కడుంటారో చూడకుండానే చెప్పగలను. కట్టుడు చీరలున్న అరకి కింది అరలో, ఏదో బట్టల షాపు కవర్లో, మూతి దగ్గర రబ్బరు బ్యాండు వేసి ఉంటారు. పండక్కి రెండు రోజుల ముందు తప్ప ఆ కవరు బయటికి రాదు.

పుట్టింది మహారాష్ట్రలో, ఇచల్‌కరంజి మరమగ్గాల మీద. నూలు తక్కువ, పాలియెస్టరు ఎక్కువ. రంగు వేయడానికి రాజస్థాన్‌లోని పాలీకి పంపారు. ఆ ఊరి పక్కన బాండీ అనే నది ఉంది. రంగుల కార్ఖానాల నీళ్లు కలిసి కలిసి దాని సంగతి గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పొలాలకు పారాల్సిన నీళ్లు పాడై నాకు ఈ పచ్చదనం వచ్చింది. తొడుక్కునేవాళ్లే లేని పచ్చదనం! సరే, అది నా చేతిలో ఉన్న పని కాదు.

విజయవాడ వన్‌టౌన్ వస్త్రలతలో తాను నుంచి ముక్కనయ్యాను. ఆ కొట్లో గుమాస్తా ఎవరొచ్చినా ముందు ఒకటే అడిగేవాడు: "కుట్టించుకోడానికామ్మా, పెట్టడానికా?"

కుట్టించుకోడానికి అంటే పై అరలోంచి టూ బై టూ రూబియా దింపేవాడు. పడుగులోనూ పేకలోనూ రెండేసి పోగులు కలిపి పేనిన నూలు అది. పల్చగా ఉన్నా బలంగా ఉంటుంది, చెమట పీలుస్తుంది. లోపల లైనింగు లేకపోయినా నడిచిపోతుంది. ఆడవాళ్లు దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్లి, చీర కొంగు పక్కన పెట్టి, ఓ పట్టాన తెమిలేవాళ్లు కాదు. పెట్టడానికి అంటే గుమాస్తా వంగి బల్ల కిందినుంచి మా కట్ట తీసేవాడు. డజను లెక్కన బేరం. ఎవరూ విప్పి చూడరు. "నలుపు లేకుండా చూడు నాయనా, తెలుపు కూడా తీసెయ్" అనడమే పరీక్ష. నన్ను కుట్టించుకోరని అమ్మేవాడికి తెలుసు, కొనేవాళ్లకి తెలుసు, రేపు పుచ్చుకోబోయేవాళ్లకీ తెలుసు. ఆ మాట పైకి అనకపోవడమే మర్యాద.

శ్రావణ శుక్రవారం నాడు మొదటిసారి పళ్లెంలోకి ఎక్కాను. నానబెట్టిన శనగలు, రెండు తమలపాకులు, వక్క, అరటిపండు, పసుపు కొమ్ము, రూపాయి బిళ్ల, వాటి కింద నేను. నా మూల మీద కుంకుమ బొట్టు పెట్టారు. పుచ్చుకున్నావిడ ఇంటికెళ్లి శనగలు పోపు వేసింది. అరటిపండు పిల్లాడు తిన్నాడు. రాత్రి భోజనాలయ్యాక తాంబూలం మామగారి నోట్లోకి వెళ్లింది. రూపాయి మర్నాడు కూరల బండి దగ్గర ఖర్చయింది. పళ్లెంలో నాతోపాటు కూర్చున్నవాళ్లంతా ఒకటిన్నర రోజులో వచ్చిన పని ముగించుకున్నారు. నేను బీరువాలోకి వెళ్లాను.

మావాళ్లని మొదట్లో పళ్లెంలో పెట్టినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. ఆ రోజుల్లో ఆడమనిషికి ఉండే జాకెట్లే నాలుగైదు. చీరకి జాకెట్టు గుడ్డ విడిగా కొనుక్కోవాలి. కాబట్టి పేరంటంలో ముక్క వస్తే అది దసరాకి ఒంటి మీద ఉండేది. ఇప్పుడు చీరతోనే జాకెట్టు గుడ్డ కలిపి నేస్తున్నారు. ఐదున్నర మీటర్ల చీరకి 80 సెంటీమీటర్లు అతికించి ఆరు మీటర్ల ముప్పై చేస్తున్నారు. అలా నా పని చీర అంచులోకి వెళ్లిపోయింది. దానికి తోడు మోచేతుల దాకా చేతులు వచ్చాయి. నాలాంటి ముక్కలో చేతులు వస్తే వీపు రాదు, వీపు వస్తే చేతులు రావు. పైగా నా ధర ముప్పై రూపాయలైతే, లైనింగు వేసి కుట్టినందుకు టైలరు పుచ్చుకునేది దానికి పదింతలు పైమాటే. నన్ను కుట్టించడం దండగని లెక్కలు రానివాళ్లకి కూడా తెలుస్తుంది. అవసరం పోయింది, ఆచారం మిగిలింది. ఆ రెండింటి మధ్య నేను ఇరుక్కున్నాను.

ఇక తిరుగుళ్లు. పెళ్లిపిలుపులు, గృహప్రవేశాలు, అట్లతద్దెలు, సంక్రాంతి పేరంటాలు. ఎవరిచ్చింది వాళ్లకే తిరిగి పెట్టేస్తే పరువు పోతుంది కదా, అందుకని జాగ్రత్తపరులు నాకు చీటీ గుచ్చేవాళ్లు. చిన్న కాగితం మీద నీలం ఇంకుతో "ఎదురింటి మాస్టారి భార్య, శ్రావణం" అని ఉండేది. ఇంకో ఇంట్లో అది తీసేసి "గుంటూరు వదిన, ఓణీల ఫంక్షన్" అని గుచ్చారు. ఇప్పటికీ నన్ను వెలుతురుకి పట్టి చూస్తే ఎడమ మూల గుండుసూది బెజ్జాలు కనిపిస్తాయి. వాటి పక్కనే తుప్పు మరక. కుంకుమ బొట్టు మాసి గులాబీ రంగుకి దిగింది. నన్ను ఇస్త్రీ చేసి కొత్తదానిలా మడతపెట్టినవాళ్లు ఉన్నారు కానీ, వాసన దాచలేరు. కలరా ఉండల వాసనొచ్చిందంటే అది అప్పుడే కొట్లోంచి వచ్చిన ముక్క కాదని ఏ ఇల్లాలికైనా తెలిసిపోతుంది.

మావాళ్లు కొందరు డల్లాస్ వెళ్లారు. విమానంలో పెట్టెకి 23 కిలోలే అన్నప్పుడు, పచ్చళ్లూ పొడులూ సర్దగా మిగిలిన సందుల్లోకి సరిగ్గా సరిపోయేది మేమే. విరగం, ఒలకం, బరువుండం. అక్కడ వరలక్ష్మీ వ్రతానికి వచ్చినవాళ్లకి మమ్మల్ని పెడతారు. అక్కడ జాకెట్టు కుట్టేవాళ్లని వెతుక్కోవడమే పెద్ద పని కాబట్టి, మావాళ్లు సెలవులకి మళ్లీ అవే పెట్టెల్లో ఇండియా వస్తారు. సముద్రాలు దాటినా బీరువా తప్పలేదు.

నేను మాత్రం కూకట్‌పల్లిలో ఆగాను. మూడు గదుల ఫ్లాటు, అత్తాకోడళ్లు, కోడలి భర్త, రెండో తరగతి చదివే పిల్లాడు. ఆ ఇంట్లో చోటు ఎలా పోయిందో ఎవరికీ తెలియదు. పెళ్లికొచ్చిన గోడ గడియారాలు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. అన్నీ ఆగిపోయాయి, ఒక్కోటీ ఒక్కో టైము దగ్గర. పేర్లు చెక్కిన స్టీలు బేసిన్లు ఉన్నాయి. పేరు చెక్కారు కాబట్టి వాటిని ఇంకొకరికి పెట్టడానికి లేదు. ఆ విషయంలో నాకు వాటిమీద జాలి. వెంకటేశ్వరస్వామి పటాలైతే గోడలు చాలక అటకెక్కాయి. పిల్లాడి పుట్టినరోజుకి వచ్చిన రంగుపెన్సిళ్ల డబ్బాలు, జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలు, ఇంకా సీలు తీయని లంచ్ బాక్సులు.

వర్షాకాలంలో అటక మీద చెమ్మ దిగింది. అన్నీ కిందికి దింపక తప్పలేదు. మంచం మీద మమ్మల్ని కుప్పపోశారు.

"అత్తయ్యా, ఇవన్నీ ఎవరు కుట్టించుకుంటారు? ఎవరికన్నా ఇచ్చేద్దామా?"

"ఎవరికి ఇస్తావమ్మాయ్? మనకి పనికిరానిది పనిమనిషికి పనికొస్తుందా? ఆవిడకి మాత్రం కుట్టుకూలి ఊరికే వస్తుందా?"

ఆ మాట విని నాకు పెద్దావిడ మీద గౌరవం పెరిగింది. పనికిరానివన్నీ పేదవాళ్ల మీదికి తోసేసి ఇల్లు సర్దుకున్నామనుకునేవాళ్లని చాలామందిని చూశాను.

కోడలు ఫోనులో మేరీ కోండో సంగతి చదివి చెప్పింది. జపానావిడ, ఇల్లు సర్దడం మీద పుస్తకాలు రాసింది. అక్కర్లేని వస్తువుని చేతిలోకి తీసుకుని, ఇన్నాళ్లూ చేసిన మేలుకి కృతజ్ఞత చెప్పి పంపించెయ్యమంటుంది. అత్తగారు కళ్లజోడు సవరించుకుని, "ఉద్వాసన చెప్పమంటుందన్నమాట" అంది. "పూజయ్యాక కలశం కదుపుతాం కదూ. అమ్మవారికే చెప్పగా లేనిది గోడ గడియారానికి చెప్పడానికేం?"

నిజం చెప్పాలంటే అంతకుముందు వారం రోజులుగా వాళ్లిద్దరి మధ్యా మాటలు సరిగ్గా లేవు. పారేస్తే ఇచ్చినవాళ్లని పారేసినట్టే అని ఒకరు, ఉంచితే మనమే బయట పడుకోవాలి అని ఇంకొకరు. ఉద్వాసన అనేసరికి పెద్దావిడ చెయ్యి తేలికపడింది. గడియారాల్లో ఒక్కటి ఉంచారు. ఇచ్చినట్టు గుర్తున్నవాళ్లకి ఆవిడే ఫోన్ చేసి మాట్లాడింది. ఒకాయనైతే తను గడియారం ఇచ్చిన సంగతే మర్చిపోయాడు. పిల్లాడి చదువు గురించి అరగంట మాట్లాడాడు. సిద్దిపేట జిల్లాలో ఫంక్షన్లకి ప్లాస్టిక్ ప్లేట్లు మానిపించడానికి ఊళ్లలో స్టీలు బ్యాంకులు పెట్టిన సంగతి కోడలికి తెలుసు. కంచాలు, గ్లాసులు, బేసిన్లు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గదిలో పెట్టించింది. చెక్కిన పేర్లు అలాగే ఉన్నాయి. పక్కింటి సీమంతంలో సాంబారు వడ్డించే గిన్నె మీద వీళ్ల పెళ్లి తేదీ కనబడిందట, అందరూ నవ్వారట.

మమ్మల్ని మూడు కుప్పలు చేశారు. మీటరున్న కాటన్ ముక్కలు ఒకటి. లైనింగుకి పనికొచ్చేవి ఇంకొకటి. మూడో దాంట్లో నేను. టైలరమ్మాయి నన్ను లైనింగుకి కూడా ఒప్పుకోలేదు. వేళ్ల మధ్య నలిపి, "ఇది చెమట పీల్చదాంటీ" అని పక్కన పెట్టింది. మొదటి కుప్పలోంచి ఒక ముదురు ఎరుపు ముక్క పనిమనిషి ఎంచుకుంది. కొలతలిచ్చి రమ్మని పంపి, కుట్టుకూలి పెద్దావిడే కట్టింది. దీపావళికి ఆవిడ అది తొడుక్కుని వచ్చింది. నా జీవితంలో నా జాతిది ఒకటి జాకెట్టుగా మారడం కళ్లారా చూడటం అదే.

తర్వాత వాళ్లింట్లో పెట్టడాలు ఆగిపోలేదు, ఆగుతాయని ఎవరూ అనుకోకండి. పెద్దావిడ చేతులు ఊరుకోవు. "మా పెళ్లికి అందరూ నూటపదహార్లే కదమ్మా చదివించింది, పుస్తకంలో రాసి పెట్టారు. సారె వస్తే వీధంతా పంచేవాళ్లం, సాయంత్రానికి బుట్ట ఖాళీ" అంటూ ఉంటుంది. ఇప్పుడు వాయనంలో శనగలు రెట్టింపయ్యాయి, ముక్క బదులు రెండు మూరల మల్లెపూలో, సున్నుండల పొట్లమో ఉంటుంది. గృహప్రవేశం అంటే ముందే అడిగేస్తారు: "ఏం కావాలో మొహమాటం లేకుండా చెప్పండి." ఒకరు గ్యాస్ స్టవ్ అన్నారు, నలుగురు కలిసి కొన్నారు. పిల్లాడి పుట్టినరోజుకి అడిగితే తాతయ్య తరఫు వాళ్లు ఈత నేర్పే కోచింగుకి డబ్బు కట్టారు. ఒడి బియ్యానికి మాత్రం ముక్క తప్పనిసరి. కింది ఫ్లాటు తెలంగాణ కుటుంబంలో ఆడపిల్లకి ఒడి బియ్యం పోసినప్పుడు మొదటి కుప్పలోంచి మంచి పసుపుపచ్చది ఇచ్చారు. అక్కడ గుడ్డకి పని ఉంది. నాకు అసూయ వేయలేదంటే అబద్ధం.

నాకూ ఓ పని దొరికింది. సంక్రాంతి బొమ్మల కొలువుకి ఆ ఇంట్లో కొండపల్లి బొమ్మలున్నాయి. తెల్ల పొణికి కర్ర, తేలిగ్గా ఉంటుంది. చింతగింజల బంకతో కలిపిన రంపపు పొట్టుతో అతుకులు వేస్తారు. న్యూస్‌పేపర్లో చుడితే ఇంకు అంటుతోంది, కొత్త కాటన్‌లో చుడితే రంగు దిగుతోంది. "ఈ పాలియెస్టరు ముక్కలు చూడండత్తయ్యా, రంగు పోవు, చెమ్మ పీల్చవు" అంది కోడలు. చెమట పీల్చని నా గుణమే అక్కడ అక్కరకొచ్చింది. నాకు అంబారీ ఏనుగు వచ్చింది. తొండం దగ్గర రెండు చుట్లు, అంబారీ మీదుగా ఒక ముడి. 80 సెంటీమీటర్లు దానికి అచ్చంగా సరిపోయాయి. పాత బెజ్జాల్లోనే పిల్లాడు కొత్త చీటీ గుచ్చాడు, "ఏనుగు" అని. దీర్ఘం వాడికి కుదరక "ఎనుగు" అయింది. దశావతారాలు చుట్టుకున్న వంకాయరంగుదానికి నేనంటే కొంచెం చిన్నచూపు. ఉండనివ్వండి.

ఈసారి శ్రావణానికి తెనాలి నుంచి పెద్దావిడ పిన్ని వచ్చింది. వాయనం అందుకుని పళ్లెంలోకి చూసి, "అదేంటే, ముక్క పెట్టలేదు? మన ఇంటా వంటా ఉందా ఇది?" అంది. కోడలి మొహం వాడింది. పెద్దావిడ లేచి, ఇలాంటివాళ్ల కోసం విడిగా దాచిన ఒక మంగళగిరి కాటన్ తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టింది. పిన్నిగారు దాన్ని జేనతో కొలిచింది. మళ్లీ కొలిచింది.

"మీటరుందే! చేతులు మోచేతుల దాకా వస్తాయి. ఇక్కడ కుట్టేదెవరు, నాలుగు రోజుల్లో ఇస్తుందా?"