కుళాయి కంటే ముందు నీళ్లొచ్చే కాలనీలు

గోదావరి జిల్లాల్లో ఇంటి స్థలం కొనేవాడు ముందు ధర అడగడండి. "మెరకా, పల్లమా?" అని అడుగుతాడు. సార్వాకి ఏ చేలో నీరు దిగుతుందో, ఏ చేలో నాట్లు కుళ్లేదాకా నిలుస్తుందో గట్టు మీద నిలబడ్డ ముసలి రైతు చూడకుండానే చెప్పేస్తాడు. ఈ విద్య సర్కారుకి రాదనుకుంటే పాపం. వచ్చు. కాకపోతే స్థల పరిశీలన వేసవిలో పెట్టుకుంటారు. అప్పటికి దాళ్వా కోతలైపోయి, కాలువలు కట్టేసి, ఎంతటి పల్లపు భూమైనా కుర్రాళ్లు క్రికెట్ ఆడుకునేంత గట్టిపడి ఉంటుంది. ఫొటోలు కూడా బ్రహ్మాండంగా వస్తాయి.

రాజమహేంద్రవరం పేదలకి ఇళ్ల స్థలాలంటూ కోరుకొండ మండలం బూరుగుపూడిలో దాదాపు 600 ఎకరాల ఆవ భూములు కొన్నారు చూడండి, ఆ ముచ్చట 2020 నాటిది. ఆవంటే ఏమిటో ఆ ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ముంపు భూమికి ఇంత ధరా అని ప్రతిపక్షం గగ్గోలు పెట్టింది, హైకోర్టు స్టే ఇచ్చింది. అదే రోజుల్లో కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ అడవుల్ని చదును చేయబోతే వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా నడిచింది. డెల్టాలో పేదవాడికి తగిన భూములు రెండే రకాలని అలా తేలింది: వాన నీరు వచ్చేవి, సముద్రం నీరు వచ్చేవి.

ఎక్కడ ఏమి ఆగినా పట్టాల పంపిణీ ఆగలేదు. 2020 డిసెంబర్ 25న కొమరగిరిలో అప్పటి ముఖ్యమంత్రి చేతుల మీదుగా మొదలైంది. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటంటే 48 గజాల పైచిలుకు. పండక్కొచ్చిన బావగారు పడుకుని కాళ్లు చాపితే పక్కింటివాళ్లు "ఎవరండీ?" అని పలకరిస్తారు. మనుషులు బతకడానికి ఈ జాగా చాలదని 2021 అక్టోబరులో హైకోర్టు సింగిల్ జడ్జి అన్నారు. తర్వాత డివిజన్ బెంచ్ ఆ తీర్పును పక్కన పెట్టింది. దాంతో ఆ సెంటు మళ్లీ చాలింది.

ఇల్లు కట్టుకోవడానికి అప్పట్లో మంజూరు 1.80 లక్షలు. ఇసుక 20 టన్నులు ఉచితం. పల్లపు చేలో ఇల్లంటే పునాది లేపేసరికే మంజూరైన డబ్బులో పెద్ద ముక్క మట్టిలో కలుస్తుంది. అక్కడ మీ ప్రగతిని కొలిచే మాట కూడా ఒకటుంది: బిలో బేస్‌మెంట్ లెవెల్. మామూలుగా ఇది హౌసింగ్ ఏఈ గారి రిజిస్టర్లో మాట. జులై దాటితే ఇంటికీ, ఇంటాయనకీ, ఆయన బ్యాంకు ఖాతాకీ సమానంగా వర్తిస్తుంది.

తర్వాత వానలొస్తాయి. కుళాయి కనెక్షన్ ఇంకా దరఖాస్తులోనే ఉంటుంది, నీళ్లు మాత్రం గుమ్మందాకా వచ్చేస్తాయి. పొలాలకి నీరివ్వడానికి కాటన్ దొరకి ఆనకట్ట, కాలువలు కావలసి వచ్చాయి. ఇళ్లకి నీరివ్వడానికి మన శాఖలకి ఒక లే-అవుట్ చాలింది.

నీళ్లొచ్చాయని ఫిర్యాదు చేస్తే ఎవరు వినాలన్నది అసలు కథ. హౌసింగ్ వాళ్లంటారు, మా పని బిల్లు వరకేనండీ. పంచాయతీ వాళ్లంటారు, కాలనీ ఇంకా మాకు అప్పగించలేదండీ. మరి డ్రైను ఎవరిదండీ అంటే ఇరిగేషన్ వాళ్లది. ఇరిగేషన్ వాళ్లని అడిగితే, డ్రైను మాదే గానీ అందులోకి నీరు పంపే బోదె పూడ్చి రోడ్డు వేసింది మేము కాదుగా అంటారు. అదీ నిజమే. పైన అభివృద్ధి సంస్థ ఉంది కదా, అక్కడికెళదామంటే ముందు దాని పేరు పట్టుకోవాలి. 2017లో పుట్టినప్పుడు గుడా. తర్వాత రాజమహేంద్రవరానికి రుడా, కాకినాడకి వేరే సంస్థ. మీరు పాత పేరుతో అర్జీ పెడితే ఆ పేరు గల కార్యాలయం లేదంటారు. కొత్త పేరుతో పెడితే పాత ఫైలు పాత పేరుతోనే ఉందంటారు.

అలాగని వీళ్లు నిర్వహణే చేయరంటే అన్యాయం. పేర్లని చక్కగా నిర్వహిస్తారు. ఆ పట్టాల జగనన్న కాలనీ బోర్డుకి తుప్పు పట్టకుండానే పీఎంఏవై-ఎన్టీఆర్ నగర్ అయింది. అంతకు ముందూ అంతే: ఒక ప్రభుత్వం మొదలెట్టిన పట్టణ పేదల టిడ్కో ఇళ్లకి తర్వాతి ప్రభుత్వం చేసిన మొదటి మరమ్మతు రంగు. పంచాయతీ భవనాల మీద పార్టీ రంగులు తీయమని 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి చెప్పించుకున్న రాష్ట్రమండి మనది. భీమవరంలో, పాలకొల్లులో, తాడేపల్లిగూడెంలో వాటా సొమ్ము డీడీలు కట్టినవాళ్లు అద్దె కొంపల్లో ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. ఇల్లు మారింది లేదు గానీ దాని రంగు మారిందని తెలుసుకున్నారు.

మధ్యతరగతికి వేరే మర్యాద. 2022 జనవరిలో స్మార్ట్ టౌన్‌షిప్పులన్నారు. మొదటి విడతలో మన ఏలూరు కూడా ఉంది. 150 గజాలు, 200, 240. ఆ ప్రకటన చదివితే పేదవాడికి 48 గజాలెందుకో చప్పున బోధపడుతుంది: గజాలు మనిషికి కాదు, జీతానికి.

ప్రైవేటు వెంచర్లకైతే నిబంధనలు పక్కాగా ఉన్నాయి. వెడల్పాటి రోడ్లు, పది శాతం ఖాళీ జాగా వదలాలి. వదలకపోతే? కొబ్బరి తోట నరికి, రాళ్లు పాతి, అమ్ముకుని వెళ్లిపోవాలి. తర్వాత కొనుక్కున్నవాడు రుసుము కడితే సర్కారు క్రమబద్ధీకరిస్తుంది. 2020లో ఒకసారి, 2025లో మరోసారి. పార్కు లేనందుకు ఖాళీ జాగా రుసుము కట్టాలి. కట్టాక కూడా పార్కు రాదు, రసీదొస్తుంది. సాయంత్రాలు దాన్ని పట్టుకుని వీధిలో నడవచ్చు.

ఇప్పుడు పట్నంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు అంటున్నారు. సంతోషం. మళ్లీ భూములు వెతుకుతారు కాబట్టి ఒక మనవి. అయ్యా, ఈసారి స్థలం ఆగస్టులో చూడండి. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక ఎగరేసిన రోజైతే మరీ మంచిది. మీ జీపు వెళ్లిన చోటు దాకా లే-అవుట్ వేయండి, ఆగిపోయిన చోట చేను చేనుగానే వదిలేయండి. పట్టా మీద ముఖ్యమంత్రి గారి బొమ్మ ఎంత పెద్దదైనా వేసుకోండి, మాకు అభ్యంతరం లేదు. దాని కింద ఒక్క గీత జాగా వదిలి, 1986 వరదలో ఆ సర్వే నంబరులో నీళ్లు ఎన్ని అడుగులు నిలిచాయో రాసివ్వండి.