నీళ్లు మోసిన సైకిల్‌ని

నేను ఏ కార్ఖానాలో తయారయ్యానో నాకు గుర్తులేదు. నాకు ప్రాణం పోసింది మాత్రం శాలిబండలోని ఒక ఉస్తాద్. తుక్కు కింద పోవలసిన ఉక్కు చట్రాన్ని గీకి, రంగేసి, వంచిన హ్యాండిలూ సన్నటి టైర్లూ బిగించి రోడ్డు సైకిల్‌గా నిలబెట్టాడు. చక్రం తిప్పి, రిమ్ము పక్కన బొటనవేలు ఆనించి, ఏ పుల్ల వదులైందో చెప్పేవాడు. అంత నిదానంగా చూసే చేతులు పాతబస్తీలో ఇప్పుడు తగ్గిపోతున్నాయి. అది తలుచుకుంటే నాకు దిగులేస్తుంది.

నన్ను తొక్కేది లాల్ దర్వాజా లెక్కల మాస్టారు. అతని చిన్ననాటి దోస్తు బార్కాస్ వాడు. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల కోసం వెలసిన పేట బార్కాస్. వాళ్లలో చాలామంది యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు. అక్కడి ముకల్లాను ఏలిన ఖుఐతీ సుల్తానుల వంశం హైదరాబాదులో జమాదారీ చేసి సంపాదించిన డబ్బుతోనే ఎదిగింది. దోస్తు ముత్తాతలదీ అదే దారి. ఒక పొద్దున మీర్ ఆలం చెరువు దగ్గర ఆగినప్పుడు అతనన్నాడు: "మా పెద్దలు ఇసుకలకెల్లి వచ్చిన్రు. నేను ఒక్కసారన్న ఇసుక తిన్నెల పండుకోలేదు యార్."

అట్లా మొదలైంది. 2025లో కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి రైలు పడడంతో దారి సులువైంది. బయల్దేరే ముందు ఉస్తాద్ నా చైను జిడ్డంతా కడిగి, కరిగించిన మైనంలో ముంచి ఆరబెట్టాడు. నూనె ఇసుకను పట్టుకుంటుంది, ఆ ఇసుక పళ్లను అరగదీస్తుంది. పొడిగా ఉన్న మైనానికి ఇసుక అంతగా అంటదు.

జోధ్‌పూర్‌లో దిగి ముందు ఎడారి వైపు వెళ్లలేదు. మాస్టారు పట్టుబట్టి ఆగ్నేయంగా ఖేజడ్లీ గ్రామానికి తొక్కించాడు. 1730లో రాజు కొత్త మహలుకు సున్నం కాల్చడానికి కట్టెలు కావాలని మనుషులొస్తే, అమృతా దేవి అనే బిష్ణోయి స్త్రీ చెట్టును కౌగలించుకుని ప్రాణమిచ్చిన ఊరది. ఆమెతో కలిపి 363 మందిని నరికేశారు. వాళ్లు కాపాడిన చెట్టు ఖేజడీ. మాస్టారు ఒక రెమ్మ పట్టుకుని చూసి నిలబడిపోయాడు. "అరే, ఇది మన జమ్మి!" దసరా నాడు బంగారమని పెద్దల చేతిలో పెట్టి మొక్కే ఆకే. 1983లో రాజస్థాన్, 2014లో తెలంగాణ రాష్ట్ర వృక్షంగా ఎంచుకున్నది ఈ ఒక్క చెట్టునే. మనకు ఏడాదికొకసారి గుర్తొస్తుంది. వాళ్లకు దాని ఆకు మేకల మేత, కాయ కూర, నీడ మనుషుల పంచాయతీ. మన రాష్ట్ర వృక్షాన్ని మనం ఇంతకంటే దగ్గరగా ఎరగాలని నాకు గట్టిగా అనిపించింది.

తర్వాత పోఖ్రాన్ మీదుగా జైసల్మేర్ దారి, దాదాపు 280 కిలోమీటర్లు. అక్కడ నేను మోసింది ముఖ్యంగా నీళ్లనే. చట్రానికి రెండు సీసాలు, వెనక సంచుల్లో డబ్బాలు. లీటరంటే కిలో బరువు. డబ్బా సగం ఖాళీ అయ్యాక నీళ్లు అటూ ఇటూ కదిలి నా వెనక చక్రాన్ని పక్కకు లాగేవి. మాస్టారు ప్రతి ఊరి దగ్గరా "నీళ్లు పట్టినవా భాయ్?" అని అడగకుండా కదలలేదు. 1923లో బొంబాయి నుంచి ప్రపంచం చుట్టడానికి బయల్దేరిన పార్సీ యువకులు గేర్లు లేని సైకిళ్లతో పశ్చిమాసియా ఎడారి దాటారు. వాళ్ల సైకిళ్లకు నా దండం.

జైసల్మేర్ దాటి ఖూరీ వైపు మళ్లాక తారు సన్నబడింది, అంచుల్లో ఇసుక పొర. సన్నటి టైరు దిగబడిపోతుంది కనుక గాలి తీసి మెత్తబరిచారు. అయినా చివరికి నన్ను నడిపించుకుంటూ పోవలసివచ్చింది. ముందు టైరులో దిగిన ముల్లును లాగి చూస్తే పల్లేరు కాయ. మన చెలకల్లో పాదాలకు గుచ్చుకునే అదే పల్లేరు.

ఆ సాయంత్రం ఒక గుడిసెవాళ్లను అడిగి వాళ్ల చేను పక్కన గుడారం వేశారు. మేకులు ఇసుకలో నిలవవు. సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతున పాతిపెట్టారు. ఇంటి పెద్దావిడ టాంకా మూత తీసి చూపింది. అది నేలలో తవ్వి గచ్చు చేసిన గుండ్రటి గుంట. చుట్టూ నేలను వాలుగా చదును చేసి, పడ్డ వాననంతా అందులోకి పారిస్తారు. ఏడాదికి 200 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే చోట ఆ గుంటే కుటుంబానికి ఆధారం. అడక్కుండానే మా డబ్బాలు నింపబోయింది. దోస్తు ఒక్క సీసా చాలన్నాడు.

మగ్రిబ్ వేళ అయింది. ఆ నీళ్లు తాగడానికే ఉంచాలని అతను నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూకు వాడలేదు. శుభ్రమైన ఇసుక మీద అరచేతులు ఆనించి, ముఖానికీ చేతులకూ తుడుచుకుని తయమ్మం చేశాడు. "దాదాజాన్ చెప్తుంటే విన్న. చేసుడు ఇదే మొదలు," అన్నాడు నమాజు తర్వాత. అతని గొంతు బొంగురుపోయింది.

రాత్రి చలికి నా ఉక్కు వణికిపోయింది. వాళ్లిద్దరూ నిద్రపోకుండా, దారిలో బోర్డు మీద చూసిన గోడావణ్ పక్షి గురించి మాట్లాడుకున్నారు. దేశమంతటా 200 కూడా లేవని మాస్టారు చెప్పాడు.

"మనకాడ బట్టమేక పిట్ట అంటరు. కర్నూలు దిక్కు రోళ్లపాడుల దానికోసం 1988ల అభయారణ్యం పెట్టిన్రు."

"ఇప్పుడున్నయా?"

"ఏండ్ల సంది కనబడ్తలేవంట."

"ఐనా పోదం. ఆ గడ్డి మైదానమన్న చూద్దం," అన్నాడు దోస్తు. అక్కడికి ఎన్ని కిలోమీటర్లో, మధ్యలో నీళ్లు ఎక్కడెక్కడ దొరుకుతాయో అప్పుడే లెక్కవేయడం మొదలుపెట్టారు.